కొమ్ముకు పూసిన రంగు

ఈ వారం పసుపు పట్టించాను. ఈ కాలమ్ క్రమం తప్పకుండా చదివేవారికి ఇందులో కొత్తేమీ లేదు. ఎండలు ముదిరేలోగా కారం, ఆ వెనకే పసుపు, ఆ తర్వాత కుంకుడుకాయలు. ఏటా ఇదే వరస, ఏటా మీకు ఇదే చెబుతున్నాను. పొడి కొనకండి, కొమ్ములు కొని దగ్గరుండి మర ఆడించుకోండి అని ఎన్నిసార్లు రాశానో నాకే లెక్క లేదు.

మర ఆడించిన పొడి చల్లారాక మా పైవాటాలో ఉండే అమ్మాయికి ఒక గిన్నెడు పంపాను. ఏడాది నిండని పాప ఉంది ఆ ఇంట్లో. మర్నాడు గిన్నె తిరిగిస్తూ, "ఏంటాంటీ, ఈసారి రంగే లేదు? పాత పసుపా?" అంది. నాకు చాలా కష్టంగా తోచింది. దుగ్గిరాల యార్డుకు పసుపు తోలిన ఇంట్లో పెరిగినదాన్ని. పసుపు చూసి పాతో కొత్తో చెప్పడం నాకు ఒకరు నేర్పాలా అనుకున్నాను.

మా ఊళ్లో సంక్రాంతి దాటాక పసుపు తవ్వేవారు. ఎండిన ఆకు కోసేసి, దుంప తవ్వి, మట్టి దులిపి, కాయలు ఒక పక్క, కొమ్ములు ఒక పక్క పోసేవారు. చేలోనే గాడిపొయ్యి తవ్వి పెద్ద బాన ఎక్కించేవారు. దుంపల మీద పసుపు ఆకే కప్పి ఉడకబెట్టేవారు. నురగ పొంగి, ఆవిరి లేచి, ఆ ఘాటు ఊరి దాకా వచ్చేది. ఉడికిందో లేదో చెప్పే పని మా నాయనమ్మది. సన్నని పుల్ల తీసుకుని దుంపలో గుచ్చేది. పుల్ల మెత్తగా దిగితే దించమనేది. పొయ్యి మీద ఎక్కువసేపు ఉంటే రంగు చెడుతుంది, ముందే దించితే ఎండాక పెళుసెక్కుతుంది. ఆ రెండింటికీ మధ్య సందు చాలా చిన్నది. నాయనమ్మ ఆ సందు తప్పడం నేను చూడలేదు.

తర్వాత రెండు వారాల ఎండ. రాత్రిళ్లు కుప్ప చేసి కప్పడం, తెల్లవారి మళ్లీ పరవడం. కొమ్ము విరిస్తే ఇనుము మోగినట్టు టంగుమనాలి. నూరు కిలోల పచ్చి దుంప ఎండేసరికి ఇరవై కిలోల దగ్గరికి వచ్చేది. అప్పటికి అది చూడ్డానికి ఏమీ బాగుండదు. పొలుసులు, వేళ్లు, మట్టి రంగు. అందుకే డ్రమ్ములో పోసి ఇద్దరు మనుషులు తిప్పేవారు. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని పైపొర రాలి నునుపు తేలేవి. చివరి విడతలో పసుపు పొడే నీళ్లలో కలిపి వాటి మీద చల్లేవారు. దాంతో కొమ్ము నిగనిగలాడేది, యార్డులో ధర పలికేది.

నాయనమ్మ ఇంటికి కావలసిన కొమ్ములు మాత్రం డ్రమ్ము దగ్గరికి వెళ్లకముందే తీసి పక్కన పెట్టించేది. "మెరుగు అమ్ముకోవడానికేనమ్మా, తినడానికి కాదు" అనేది. నాకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. ఈ వారమే అర్థమైంది.

అమ్మాయి మాట పట్టుకుని, రంగు కోసం పొడిలో ఏమేం కలుపుతారో రాద్దామని కూర్చున్నాను. మెటానిల్ ఎల్లో అనే రంగు సంగతి ఇదివరకే రాశాను. ఈసారి లెడ్ క్రోమేట్ గురించి చదివాను. ఇది పెయింట్లలో వాడే పసుపురంగు, సీసం లవణం. బంగ్లాదేశ్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఢాకాలోని పరిశోధకులు కలిసి దీని జాడ తీసి 2019లో వివరాలు ప్రకటించారు. 1980లలో వరదలకు తడిసిన పసుపు రంగు చెడితే, కొనేవాళ్లు పచ్చగా కావాలన్నారని కొందరు ఈ రంగు పూయడం మొదలుపెట్టారట. ఎక్కడ పూశారు? పొడిలో కాదు. పాలిష్ పట్టేటప్పుడు కొమ్ముల మీదే.

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నాయనమ్మ కాలంలో పసుపు నీళ్లు చల్లిన చోటే ఈ విషం చేరింది. అంటే కొమ్ములు కొని మర ఆడించుకున్నా, పైన పూసింది పొడిలోకే వస్తుంది. మా ఇంట్లో పసుపు పంట ఆగి చాలా ఏళ్లయింది. నేను కొనేవీ బజార్లో పాలిష్ పట్టిన కొమ్ములే. ఇన్నేళ్లుగా మీకు చెబుతూ వచ్చినదాంట్లో సగమే నిజమని ఒప్పుకుంటున్నాను. దగ్గరుండి పట్టిస్తే పొడిలో జరిగే కల్తీ తప్పుతుంది. కొమ్ముకే పూసింది తప్పదు.

సీసం చిన్న పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఒంట్లో ఇంత ఉన్నా ఫర్వాలేదు అనదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో పసుపులో సీసం పది పీపీఎం దాటకూడదు, లెడ్ క్రోమేట్ అసలే ఉండకూడదు. అయినా మన ఉపఖండంలోని నగరాల్లో సేకరించిన నమూనాల మీద 2024లో వచ్చిన అధ్యయనంలో, పాట్నాలో కొన్న పసుపులో వెయ్యి పీపీఎం దాటిన సీసం కనిపించింది. మన యార్డుల్లో ఇలా జరుగుతోందని నేను అనడం లేదు. జరగడం లేదని చెప్పడానికి నా దగ్గర ఆధారమూ లేదు.

ఢాకాలో మాత్రం ఈ రంగు పూయడం ఆగింది. ఎలా? ఇంటింటా పసుపు దంచుకుని కాదు. అక్కడి ఆహార భద్రతాధికారులు హోల్‌సేల్ మార్కెట్‌కి చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రం తీసుకెళ్లి, బస్తాల దగ్గరే పరీక్షించారు. సీసం ఉన్న సరుకు పట్టుకున్నారు, వ్యాపారులకు జరిమానా వేశారు, ఆ సంగతి ఊరూరా పోస్టర్లు వేసి చెప్పారు. 2019లో మార్కెట్ నమూనాల్లో నూటికి 47 సీసం ఉన్నవి. 2021కి ఒక్కటీ లేదు. పసుపు మిల్లుల్లో పనిచేసేవాళ్ల రక్తంలో సీసం సుమారు 30 శాతం తగ్గింది.

నేను కొమ్ములు ఏరుకుని పట్టించుకుంటే నా ఇల్లు ఒక్కటే, అదీ సగమే, బాగుపడుతుంది. పది రూపాయల పొట్లం కొనుక్కునే ఇంట్లో కూడా ఏడాది పాప ఉంటుంది. ఆ తల్లికి మరకు వెళ్లే తీరిక ఉండదు. ఆమెకు "పట్టించుకో" అని చెప్పడం సలహా కాదు. పైవాటా అమ్మాయి మీద కోపం కూడా నాకిప్పుడు లేదు. ఆ పిల్ల అడిగిన రంగు మనమంతా బజార్లో అడుగుతున్నదే.

నిజామాబాద్‌లో 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు వచ్చింది. దుగ్గిరాలలో యార్డు ఉండనే ఉంది. ఈ రెండు చోట్లా ఢాకాలో వాడినలాంటి ఎక్స్‌రే యంత్రం ఒక్కొక్కటి పెట్టి, పాలిష్ పట్టిన ప్రతి లాటూ పరీక్షించి ఫలితం గోడ మీద అంటించమని ప్రభుత్వాలను కోరుతున్నాను. మీరూ మీ మీ ప్రతినిధులకు రాయండి. అందాకా కొమ్ములు కొనేవారు పాలిష్ లేనివి అడగండి. ఒక కొమ్ము గ్లాసు నీళ్లలో వేసి చూడండి. వేయగానే నీళ్లు పచ్చబడితే ఆ సరుకు ఇంట్లోకి రానివ్వకండి.