వణికే జున్ను

జున్నుకి గుడ్డూ అక్కర్లేదు, తోడూ అక్కర్లేదు. గేదె ఈనిన తొలి రోజుల ముర్రుపాలలోని ప్రొటీన్లే వేడికి గట్టిపడతాయి. దూడ తాగగా మిగిలినవే మనవి. పనితనమంతా పాళ్లు చూడటంలో ఉంది. మొదటి పూట పాలు మరీ చిక్కన. అలాగే వండితే రబ్బరే. మా అమ్మమ్మ గరిటెతో ఎత్తి ధార చూసి, దాన్నిబట్టి మామూలు పాలు కలిపేది. తరిగిన బెల్లం, దంచిన మిరియాలు, యాలకులు. ఆవిరికి పెట్టి, సన్నని సెగ. మంట ఎక్కువైతే జున్ను నిండా చిల్లులు, అడుగున నీళ్లు. (నాకు ఇప్పటికీ అంతే.) ఉడికిందో లేదో చూడటానికి ఆవిడ పుల్ల గుచ్చేది కాదు, గిన్నె అంచు మీద వేలితో తట్టేది. నడిమధ్య కాస్త వణుకుతుండగానే దించేసేది. చల్లారాక చెంచా దింపితే చప్పుడుండదు. కోసిన చోట అద్దంలా మెరుస్తుంది, అడుగున మిరియాల నలుసులు.