కంప్యూటరు విద్య – నాయకుల పూర్వవృత్తులు

ఒక రచనను అంచనా కట్టేటప్పుడు రచయిత ఏ వర్గంలో పుట్టాడు, ఏ వృత్తిలో బతికాడు అని అడగడం మన విమర్శకు అలవాటు. కంప్యూటరును బడిలోకి తెచ్చిన పెద్దల విషయంలో మాత్రం ఆ ప్రశ్న వేయడం లేదు. శాస్త్రజ్ఞులని గౌరవించి ఊరుకుంటున్నాం. గౌరవం సబబే. కాని పాఠం చెప్పే యంత్రం కూడా ఒక విధమైన రచనే. చేసినవాని దృక్పథం అందులో ఉండి తీరుతుంది.

ఇద్దరిని పోల్చి చూద్దాం. ప్యాట్రిక్ సప్పీస్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రాచార్యుడు. మనిషి నేర్చుకునే తీరును గణితసూత్రాలలో చెప్పడానికి ప్రయత్నించినవాడు. 1960లలో ఆయన పిల్లల ముందు పెట్టిన యంత్రం లెక్క ఇస్తుంది, పిల్లవాడు జవాబు కొడతాడు, తప్పైతే మళ్లీ అడుగుతుంది. అలెగ్జాండరుకు అరిస్టాటిల్ దొరికినట్టు, కొద్ది యేళ్లలో లక్షలాది పిల్లలకు అటువంటి గురువు లభిస్తాడని 1966లో రాశాడు. మరుసటి యేడే ఆ పాఠాల వ్యాపారానికి కంపెనీ స్థాపించాడు.

సేమూర్ పాపర్ట్ 1928లో దక్షిణాఫ్రికాలో పుట్టాడు. యువకుడుగా వర్ణవివక్షను ఎదిరించాడు. గణితం చదివి, 1958 నుంచి 1963 దాకా జెనీవాలో పియాజే వద్ద పనిచేశాడు. పిల్లలు లోకజ్ఞానాన్ని తమంతట తాము ఎట్లా నిర్మించుకుంటారో అక్కడ గమనించాడు. 1967లో సింథియా సాలమన్ తదితరులతో కలిసి లోగో భాషను తయారుచేశాడు. ముందుకు నడువు, కుడికి తిరుగు అని పిల్లవాడు ఆజ్ఞ ఇస్తే తాబేలు బొమ్మ గీత గీస్తుంది. చతురస్రం రాకపోతే ఏ ఆజ్ఞలో పొరపాటుందో వాడే వెతుక్కుంటాడు. యంత్రం పిల్లవాణ్ణి నడపడం కాదు, పిల్లవాడే యంత్రాన్ని నడపాలన్నది 1980లో వచ్చిన ఆయన గ్రంథం 'మైండ్‌స్టార్మ్స్' సారాంశం.

సప్పీస్‌కు పిల్లవాని తప్పు లెక్క కట్టవలసిన అంకె. పాపర్ట్‌కు అది ఆలోచనకు ముడిసరుకు. ఈ తేడా వారివారి పూర్వవృత్తుల నుంచి వచ్చిందనే నేననుకుంటాను.

ఐతే ఇక్కడితో ఆగితే మన విమర్శ సగమే. మంచి నేపథ్యం మంచి ఫలితానికి హామీ కాదు. 1989లో పాపర్ట్ ఆచార్య పదవికి లెగో కంపెనీ పేరు చేరింది. 1998లో అదే కంపెనీ ఆయన గ్రంథం పేరుతో యంత్రపు బొమ్మల పెట్టెలు అమ్మకానికి పెట్టింది. 2022 చివర ఆ సరుకును ఆపేసింది. వాటితో ఆనందంగా నేర్చుకున్న పిల్లలు ఉన్నారు, కాదనను. కాని ఏ పిల్లలకు అందాలో నిర్ణయించింది పాపర్ట్ ఆశయం కాదు, పెట్టె ధర. పైగా ఆయన గ్రంథంలో పిల్లవాడూ యంత్రమూ కనిపించినంత స్పష్టంగా ఉపాధ్యాయుని పని పరిస్థితులు కనిపించవు. ఇది చిన్న లోపం కాదు.

ఈ సంగతి మనకు దూరపుది కూడా కాదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచింది. ఆ సంస్థ స్థాపకుడు ఇంజనీరుగా పనిచేసి, తర్వాత క్యాట్ పరీక్షకు శిక్షణ ఇచ్చి పేరు తెచ్చుకున్నవాడు. బోధించేవాడు తెరలో, వినేవాడు బల్ల ముందు ఉండే ఆ పాఠాలలో శిక్షణ కేంద్రపు ముద్ర నాకు స్పష్టంగా కనిపిస్తుంది. 2024లో ఆ సంస్థపైనే దివాలా విచారణ మొదలైంది. సంస్థ కష్టాల్లో పడితే పాఠం గతేమిటని పంచేటప్పుడే అడగవలసింది.

కనుక బడికి కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా దాన్ని తెచ్చినవాడు ఇదివరకు ఏం పనిచేశాడో తప్పక అడుగుదాం. అక్కడితో ఊరుకోక, అతడు ఎవరికి జవాబుదారీయో, పాఠాన్ని మార్చే అధికారం ఉపాధ్యాయునికి ఉందో లేదో కూడా అడుగుదాం. ఈ ప్రశ్నలు వేయవలసింది మంత్రులూ కంపెనీలూ కాదు. రోజూ పిల్లల మధ్య నిలబడే మన ఉపాధ్యాయులూ, వారి సంఘాలూ.