నాటు, నాచో

2022 మార్చి 25వ తేదీన విడుదలయైన ‘ఆర్‌ఆర్‌ఆర్’ తెలుగు చిత్రము. పాశ్చాత్య పత్రికలు పలుమారు దానిని ‘బాలీవుడ్’ చిత్రమని వ్రాసినవి. ఆ పేరు బొంబాయిలోని హిందీ చిత్రపరిశ్రమది. ఇది తెలుగు చిత్రమని దర్శకుడు రాజమౌళి అమెరికాలో సభాముఖమున చెప్పుకొనవలసి వచ్చెను. మనవారు పెక్కురు దీనిని అవమానముగా నెంచిరి. కాని మాకు తోచిన నష్టము పేరు తప్పుటకంటె పెద్దది.

ఆ దేశములలో ననేకులీ చిత్రమును చూచినది నెట్‌ఫ్లిక్స్ మూలమున. 2022 మే నెలలో అందు వచ్చినది హిందీ ప్రతి. అందలి పాట ‘నాచో నాచో’. నాచో యనగా ఆడుమని మాత్రమే. నాటు అట్టిది కాదు. నాటుకోడి, నాటువైద్యము, నాటుసారా (ఈ యుదాహరణమును గృహిణులు మన్నింతురు గాక) అనునపుడు ఆ మాటలో పల్లెవాసన, మొరటుతనము, ఒకింత ఎత్తిపొడుపు కలిసియుండును. అలంకారశాస్త్రము గ్రామ్యత్వమును దోషములలో గణించినది. కథలో తెల్లదొర యొకడు మీకేమి నాట్యము తెలియునని హేళనచేయగా, ఆ దోషమునే బిరుదుగా ధరించి యిరువురును చిందులు వేయుదురు. ఆ మాట పోయినచో మిగులునది కాళ్ల వేగము. విదేశ విమర్శకులలో పలువురు ఆ వేగమునే పొగడిరి. వారిని తప్పుపట్టుట యెట్లు? వారికందినది అదియే. చంద్రబోస్ రచనలో జాతరనాటి పోతరాజు ప్రసక్తి కలదు. మా సికింద్రాబాదున ఆషాఢమాసపు బోనాలలో మహంకాళి గుడియొద్ద కొరడా ఝళిపించు పోతరాజును చూచినవారికి ఆ యుపమానమునకు వ్యాఖ్య అక్కరలేదు.

2023 మార్చి 12న ఆస్కారు పొందినది ‘నాటు నాటు’ అను తెలుగు పేరుతోనే. సంతోషమే. ఐనను ‘టాలీవుడ్’ అని మనలను మనము పిలుచుకొనుచు, బాలీవుడ్ అన్నవారిపై కోపించుట మాకు నవ్వు పుట్టించును. ఆ మాటయు తొలుత కలకత్తాలోని టాలీగంజ్ చిత్రశాలలకు పుట్టినదే.

మరియొక సంగతి. 1924లో అసువులుబాసిన అల్లూరి సీతారామరాజును, 1940లో జోడేఘాట్‌న నేలకొరిగిన కొమురం భీమును ఈ చిత్రము మిత్రులను చేసినది. అది కల్పనయని దర్శకుడు దాచలేదు. కాని భీము గోండు వీరుడు. ఆయన జాతిభాష గోండి. మనము ఆయన నోట పలికించినది తెలుగు. హిందీ ప్రతిలో మన మాట పోయెనని నొచ్చుకొన్న మనలో, ఈ మాట పోయెనని నొచ్చుకొన్నవారు మాకంతగా కానరాలేదు.

మేము మా తరగతిలో భీము మాతృభాష యేదని యడిగితిమి. తెలుగని బాలురందరును చేతులెత్తిరి.