రాజు వ్రాసిన నాటకం, కూలి వ్రాయని నాటకం

రాజులు కావ్యాలు వ్రాయడం తెలుగువారికి క్రొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద వ్రాసాడు. తంజావూరి నాయకరాజులు యక్షగానాలు రచించారు. అందుచేత అరబ్బు దేశంలో ఒక రాజు మన కాలంలో నాటకాలు వ్రాస్తున్నాడని వింటే మన పాఠకులకు ఆశ్చర్యం కంటే కుతూహలమే ఎక్కువ కలుగుతుంది. ఆయన షార్జా పాలకుడు డాక్టర్ షేక్ సుల్తాన్ బిన్ మొహమ్మద్ అల్ ఖాసిమీ. ఆయన రచనలను ఇక్కడ పరిశీలించబూనడానికి కుతూహలం ఒక్కటే కారణం కాదు. ఏ వ్రాతలకు జవాబు చెప్పాలని ఆయన కలం పట్టారో, ఆ వ్రాతలు మన వంశాలకు కూడా సంబంధించినవే.

ఆయన 1939లో జన్మించారు. విద్యార్థి దశలోనే నాటకాలు వ్రాసి, వేషాలు కట్టారు. ఆ రోజులలో తాము ప్రదర్శించిన ఒక రాజకీయ నాటకం అధికారులకు కోపం తెప్పించిందనీ, తమ కళ్ళముందే రంగస్థలాన్ని మూసివేసారనీ 2007 ప్రపంచ రంగస్థల దినోత్సవ సందేశంలో ఆయనే చెప్పుకున్నారు. 1971లో కైరోలో వ్యవసాయశాస్త్రంలో పట్టం పుచ్చుకున్నారు. అన్నగారు హత్యకు గురికాగా, 1972లో షార్జా పాలకులయ్యారు. గద్దె ఎక్కిన తరువాత కూడా చదువు మానలేదు. ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుండి 1985లో చరిత్రలోను, డర్హమ్ నుండి 1999లో మరొకసారి డాక్టరేటు పొందారు. 1984లో షార్జా నాటకోత్సవాలు మొదలైనాయి. 2008లో అరబ్బు రంగస్థల సంస్థ ఆ నగరంలోనే వెలిసింది. కుర్రతనంలో మూతపడిన రంగస్థలాన్ని పాలకుడై తిరిగి తెరిపించారన్నమాట.

నాటకాల కంటే ముందు ఆయన చరిత్ర గ్రంథాన్ని గురించి చెప్పాలి. 1819లో బొంబాయి నుండి బయలుదేరిన బ్రిటిష్ నౌకాదళం రాస్ అల్ ఖైమా పట్టణాన్ని పట్టుకుని ధ్వంసం చేసింది. 1820 జనవరిలో అక్కడి షేకుల చేత ఒడంబడిక వ్రాయించుకుంది. ఆ తీరానికి సముద్రపు దొంగల తీరమని పేరు పెట్టింది. ఆ దొంగలుగా ముద్రపడినవారు ఈయన పూర్వులే. 1986లో వెలువడిన గ్రంథంలో ఆయన, బొంబాయిలో భద్రపరచిన కంపెనీ వారి కాగితాలనే సాక్ష్యంగా తీసుకుని, దొంగతనం అనే మాట వర్తకాన్ని చేజిక్కించుకోవడానికి కల్పించిన సాకు అని వాదించారు. తరువాతి చరిత్రకారులలో కొందరు ఈ వాదాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా ఎదుటివాడి దస్తావేజుతోనే ఎదుటివాడిని నిలదీసిన ఆ పద్ధతి గమనింపదగినది.

ఇక్కడే మన సంగతి వస్తుంది. రాస్ అల్ ఖైమా కాలిన 15 ఏళ్ళకు, 1834లో, అట్లాస్ అనే ఓడ కలకత్తా నుండి ఒప్పంద కూలీలను మారిషస్‌కు తెచ్చింది. తరువాత కోరంగి, విశాఖపట్నం ప్రాంతాల నుండి మనవారు వచ్చారు. అక్కడ ఓడలను తగులబెట్టిన ప్రభుత్వమూ, ఇక్కడికి ఓడలను పంపిన ప్రభుత్వమూ ఒక్కటే. అక్కడివారిని దొంగలని వ్రాసింది. మనవారిని సంఖ్యలుగా వ్రాసింది. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్న పాత రిజిస్టర్లలో మన ముత్తాతకు ఒక అంకె, ఎత్తు, ఒంటిమీద మచ్చ, ఊరిపేరు ఉంటాయి. ఆ మనిషి ఏమన్నాడో మాత్రం ఉండదు. ఆ లోటును పూడ్చగలిగేది చరిత్ర కాదు, నాటకం. షార్జా పాలకుడు చరిత్ర నుండి నాటకానికి రావడంలోని ఔచిత్యం ఇక్కడే మాకు బోధపడుతుంది.

1998లో వచ్చిన ‘హులాగు పునరాగమనం’ ఆయన నాటకాలలో ముఖ్యమైనది. 1258లో మంగోలుల చేతిలో బాగ్దాదు పతనం కావడం దాని కథ. 2000లో వచ్చిన ‘వ్యాజ్యం’ ఆందలూసియా పతనాన్ని చూపుతుంది. ‘నమ్రూద్’ ఒక నిరంకుశుని కథ. పురాణగాథలో అంతటి వాడిని ఒక చిన్న దోమ కూలుస్తుంది. పాత కథ చెబుతూ నేటి అరబ్బు లోకాన్ని హెచ్చరించడం వీటి తత్త్వం. ఈ పద్ధతి మనకు పరిచితమే. వేదం వేంకటరాయశాస్త్రిగారి ‘ప్రతాపరుద్రీయం’లో ఓరుగల్లు కథ చూస్తూ పరాయి పాలన క్రింద నలుగుతున్న ప్రేక్షకులు తమ కాలాన్ని తలచుకోలేదా? శత్రువు బలం కంటే ఇంటి అనైక్యతే రాజ్యాలను కూల్చిందన్న మాటను ఒక పాలకుడు తన తోటి పాలకులు వినేటట్లు వ్రాయడం సాహసమే. ఈ గుణాన్ని మేము మనసారా మెచ్చుకుంటున్నాము.

అయితే మెప్పుతో ఆగితే విమర్శ కాదు. ఈ నాటకాల కేంద్రంలో ఉన్నవారు ఖలీఫాలు, మంత్రులు, విజేతలు, నియంతలు. రాజ్యం కూలినప్పుడు రాజుకు ఏమయిందో తెలుస్తుంది. గోడకు రాళ్ళు మోసినవాడికి ఏమయిందో ఆ కథల నడుమ నిలిచే ప్రశ్న కాదు. మరొక చిక్కు కూడా ఉన్నది. పాలకుడే రచయిత, ఆయనే పోషకుడు, ఉత్సవకర్త కూడా ఆయనే. అటువంటి రంగస్థలం మీద రచయితకు ఎదురుమాట చెప్పేదెవరు? కుర్రతనంలో ఏ కలం అధికారులకు కోపం తెప్పించిందో, ఆ కలమే నేడు అధికారుల చేతిలో ఉన్నది.

రాజకవి దృష్టి సహజంగానే సింహాసనం మీద ఉంటుందని కొందరు సమర్థించవచ్చు. మన సాహిత్యం ఈ సమర్థనను ఒప్పుకోదు. రాయలవారు తమ ప్రబంధంలో మాలదాసరిని నిలబెట్టి, అతని పాటకు బ్రహ్మరాక్షసుని తరింపజేసే శక్తి నిచ్చారు. గురజాడవారు విజయనగర సంస్థానం నీడలో ఉంటూనే ‘కన్యాశుల్కం’లో మధురవాణికీ, బుచ్చమ్మకూ రంగస్థలం అప్పగించారు. రాజాశ్రయం సామాన్యుడిని మరిపించనక్కరలేదు.

షార్జాలో ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. అరబ్ ఎమిరేట్స్‌లో నివసించే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది విదేశీయులే. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుండి వెళ్ళిన తెలుగువారు అక్కడి మేడలను కట్టారు, ఇండ్లలో వంటచేసారు. ఏజెంటుకు అప్పుచేసి డబ్బు కట్టడం, వీసా యజమాని పేరుతో ముడిపడి ఉండే కఫాలా పద్ధతి, ఇంటికి పంపే మనియార్డరు కోసం ఎదురుచూపు — ఇవి వింటే మన అవ్వలు చెప్పిన మాటలే చెవిన పడినట్లుంటుంది. వారిది మన పూర్వుల ఒప్పందం వంటిదేనని మేము అనడం లేదు. వారు విమానంలో వెళతారు, ఫోనులో మాట్లాడతారు, గడువు తీరితే తిరిగి వస్తారు. కాని కాగితంలో అంకెగా మిగిలి, కథలో మనిషిగా కనిపించకపోవడం ఇద్దరికీ సమానమే.

ఈ లోపం రచయిత శక్తికి మించినది కాదనడానికి ఆయన కృషిలోనే సాక్ష్యం ఉన్నది. 1507లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్కు ఖోర్‌ఫక్కాన్ రేవుపై దాడిచేసాడు. మూడేళ్ళకు గోవాను పట్టినవాడూ ఇతడే. ఆ రేవు జనుల ప్రతిఘటనను గురించి సుల్తాన్‌గారు ఒక పుస్తకం వ్రాసారు. దాని ఆధారంగా 2020లో చలనచిత్రం వచ్చింది. ఇక్కడ కథకు మూలబలం సింహాసనం కాదు, ఒక ఊరు. ఊరిని చూడగల కన్ను, ఊరి చివరి కూలీల శిబిరాన్ని కూడా చూడగలదు. అటువంటి నాటకం షార్జా రంగస్థలం మీద వచ్చిననాడు అది తెలుగులోకి రావాలని కోరేవారిలో మేము ముందుంటాము.

అయితే ఆయన వ్రాయలేదని ఆయననే తప్పుపట్టి ఊరుకోవడం మనకు గౌరవం కాదు. ఆయన తన పూర్వులపై పడిన నిందకు తానే జవాబు వ్రాసుకున్నారు. మన పూర్వుల మౌనానికి మాట ఎవరివ్వాలి? మన నాటక పోటీలలో రాముడు, హరిశ్చంద్రుడు ఉన్నారు. రామభజనం చేసి మన భాషను కాపాడిన చెరకుతోట మనిషి మాత్రం ఆ వేదిక ఎక్కడం అరుదు. రిజిస్టర్లు తెరిచే ఉన్నాయి. ఒక అంకెను ఎంచుకుని, దానికి నోరిచ్చి, మూడు అంకాలు వ్రాయగల యువకులు మన ఊళ్ళలో లేకపోలేదు. గల్ఫ్ తెలుగువారు తమ నాటకం వ్రాసుకునేనాటికి, అన్నలుగా మనం ముందే ఒకటి వ్రాసి ఉండాలి.