మద్రాసు రాష్ట్రంలో ప్రాతినిధ్యం: ఒక పునర్విమర్శ

మన చరిత్ర పుస్తకాల్లో శాసనసభల వికాసాన్ని మెట్లవరసగా చెప్పటం ఆనవాయితీ. 1861 చట్టం, 1892 చట్టం, 1909 మింటో-మార్లే సంస్కరణలు, 1919 ద్వంద్వ ప్రభుత్వం, 1935 చట్టం, చివరకు 1952లో వయోజనులందరి ఓటు. విద్యార్థి ఈ సంవత్సరాలను వల్లెవేసి, మెట్టు మెట్టుకూ హక్కు పెరిగిందని రాసి, మార్కులు తెచ్చుకుంటాడు. అభ్యుదయవాదులమైన మనం దీనికి బదులుగా మరొక సూత్రం వల్లిస్తాం: ఇదంతా ఇంగ్లీషువాడు విభజించి పాలించటానికి పన్నిన పన్నాగమని. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కాని రెండూ ఒకే ప్రశ్నను దాటవేస్తున్నాయి. నియోజకవర్గాన్ని ఏ కొలతతో గీశారు? ఆ కొలత ఎవరి చేతిలో ఉంది?

నేను సాహిత్యం చెప్పుకొనేవాణ్ణి. రాజనీతి శాస్త్రం నా వృత్తి కాదు. అయితే ప్రాతినిధ్యమనే మాట సాహిత్య విమర్శలో మనం నిత్యమూ వాడేదే. ఒకరి తరఫున మరొకరు మాట్లాడటంలో ఉన్న చిక్కు రెండు చోట్లా ఒకటే గనక ఈ సాహసం చేస్తున్నాను.

1920లో ఎన్నికైన మద్రాసు శాసనమండలిని చూద్దాం. గవర్నరు కార్యనిర్వాహక సభ్యులను మినహాయిస్తే అందులో 127 మంది. వారిలో 98 మంది ఎన్నికైనవారు, 29 మంది నామినేటు అయినవారు. నాలుగు కోట్లు దాటిన జనాభాలో ఓటర్లు సుమారు పన్నెండున్నర లక్షలు. శిస్తో, పన్నో కట్టేవాడికే ఓటు. మహమ్మదీయులకు, దేశీయ క్రైస్తవులకు, ఐరోపావారికి, ఆంగ్లో ఇండియనులకు ప్రత్యేక నియోజకవర్గాలు. జమీందారులకు, తోటల యజమానులకు, వర్తక సంఘాలకు, విశ్వవిద్యాలయానికి విడివిడిగా స్థానాలు. బ్రాహ్మణేతరులకు 28 రిజర్వు స్థానాలు. ఇక మాల, మాదిగ, పరయ, పళ్ళ మొదలైన కులాలన్నిటికీ కలిపి 5 నామినేటెడ్ స్థానాలు. వెనకబడిన ప్రాంతాలని పేరుపెట్టిన మన్యపు భూములకు 1.

ఈ పట్టికను విభజించి పాలించే పన్నాగమని కొట్టిపారేయటం తేలిక. కాని జాగ్రత్తగా చదివితే అందులో మన సమాజపు ముఖమే కనిపిస్తుంది. భూమి ఉన్నవాడికి ఓటు ఉంది. జమీందారుకు తన వర్గపు స్థానాలు అదనంగా ఉన్నాయి. ఆ భూమిని దున్నే మాలకూ మాదిగకూ గవర్నరు దయ ఉంది. పాలకుడు ఈ గీతలను శూన్యంలో గీయలేదు. ఊరికీ పేటకూ మధ్య అంతకుముందే ఉన్న గీతమీదే సిరా పోశాడు. తెల్లదొరతనం వద్దని గరిమెళ్ళ పాడిన రోజుల్లోనే కుసుమ ధర్మన్న నల్లదొరతనం వద్దని ఎందుకు పాడవలసివచ్చిందో ఈ పట్టిక చూస్తే బోధపడుతుంది. మండలిలో మన్యానికి ఒక్క నామినేటెడ్ గొంతు ఉన్న ఆ కాలంలోనే, 1922-24 మధ్య, మన్యం ఆయుధం పట్టింది. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ మీద మద్రాసు ప్రభుత్వం నిషేధం విధించింది కూడా ఆ దశాబ్దంలోనే. మండలిలో చోటులేని జీవితం నవలలోకి వస్తే, అక్కడనుంచీ దాన్ని వెళ్ళగొట్టారన్నమాట.

1932 పూనా ఒడంబడికలో మద్రాసు రాష్ట్రానికి 30 రిజర్వు స్థానాలు వచ్చాయి. 1935 చట్టం ప్రకారం ఏర్పడిన శాసనసభలో మొత్తం స్థానాలు 215. సంఖ్య పెరిగిన మాట నిజం. కాని కొలత మారిందా? కొద్దిమంది జమీందారులకు 6 స్థానాలు. రాష్ట్రంలోని కార్మికులందరికీ కలిపి 6 స్థానాలు. స్త్రీలకు 8. వెనకబడిన తెగలకు మళ్ళీ 1. రిజర్వు స్థానాల్లో మొదట దళితులు నలుగురిని ఎంచుకోవాలి. ఆ నలుగురిలో ఎవరు కావాలో తేల్చేది మాత్రం అందరు ఓటర్లూ కలిసి. అంటే పేట ఎంచుకున్న మనిషికి ఊరు ముద్ర వేయాలి. అయినా 1937లో కాంగ్రెసు 159 స్థానాలు గెలుచుకుంది. ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజాను సొంత గడ్డమీదే వి.వి. గిరి గారు ఓడించారు. పరిమితమైన ఓటుతోనే రాజులు కూలారంటే, ఓటులో ఉన్న బలాన్ని తక్కువ అంచనా వేయరాదు.

1952లో గుమ్మం పూర్తిగా తెరుచుకుంది. 375 స్థానాల మద్రాసు శాసనసభలో కాంగ్రెసుకు 152, కమ్యూనిస్టు పార్టీకి 62 వచ్చాయి. ఎవరికీ సంపూర్ణమైన మెజారిటీ లేదు. అప్పుడేం జరిగింది? ఎన్నికలో నిలబడని రాజాజీని గవర్నరు ఎగువసభకు నామినేటు చేశారు. ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. వయోజనులందరూ ఓటు వేసిన మొదటి ఎన్నిక, 1920నాటి నామినేషనుతో ముగిసింది.

ఇక్కడ మనవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీకి సుమారు 31 శాతం ఓట్లు వస్తే, 196లో 15 స్థానాలే దక్కాయి. ఓట్ల లెక్కన 60కి పైగా రావాలి. ఈ అన్యాయాన్ని మనం నేటికీ చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. కాని 1952లో, మొత్తం మద్రాసు రాష్ట్రంలో, సుమారు 13 శాతం ఓట్లకు 62 స్థానాలు వచ్చినప్పుడు ఇదే పద్ధతిని మనం తప్పుపట్టామా? ఆనాడు అన్ని స్థానాలకూ పోటీ చేయలేదు గనక రెంటినీ సరిగ్గా పోల్చలేమని అనవచ్చు. నిజమే. కాని సూత్రం మాత్రం ఒకటే. ఎదుటివాళ్ళు చీలిపోతే ఈ పద్ధతి మనకు లాభించింది. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ జతకట్టగానే మనల్ని ముంచింది. ఓడినప్పుడే కనబడే అన్యాయం విమర్శ కాదు, ఫిర్యాదు.

అన్నిటికంటె గుర్తుంచుకోవలసింది పార్వతీపురం. 1952, 1957 ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరు సభ్యులుండేవారు: ఒకటి రిజర్వు స్థానం, రెండోది అందరిదీ. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గంలో రెండు స్థానాలనూ గిరిజన అభ్యర్థులే గెలిచారు. స్వల్ప తేడాతో ఓడినవారు వి.వి. గిరి. 1937లో బొబ్బిలి రాజాను ఓడించిన ఆ గిరి గారే! గిరిజనుడికి తన స్థానం ఉండగా అందరి స్థానం కూడా ఎలా వస్తుందని కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1959లో కోర్టు ఆయన వాదాన్ని తోసిపుచ్చింది. రిజర్వేషను అనేది కనీసపు హామీ మాత్రమే గాని, దాటకూడని హద్దు కాదని ఆ తీర్పు సారాంశం. 1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలనే రద్దుచేసింది. అవి మరీ పెద్దవని, ఖర్చెక్కువని చెప్పిన కారణాలు అబద్ధాలు కావు. కాని ఫలితం గమనించండి. ఒకే ఓటరు ఇద్దరికీ ఓటు వేసే ఏర్పాటు పోయింది. రిజర్వు స్థానం వేరు, జనరల్ స్థానం వేరు అయింది. చట్టంలో ఆ గోడ లేదు. దళితుడో గిరిజనుడో జనరల్ స్థానంలో నిలబడవచ్చు. పార్టీలు టిక్కెట్లిచ్చే తీరులోనే ఆ గోడ ఉంది. మన పార్టీల తీరును కూడా ఈ కొలతతోనే కొలవాలి.

ఇక మన సంగతి. నేను పట్టభద్రుణ్ణి, అధ్యాపకుణ్ణి. రాజ్యాంగపు 171వ అధికరణం ఎగువసభలో పన్నెండో వంతు పట్టభద్రులకూ, పన్నెండో వంతు ఉపాధ్యాయులకూ ఇచ్చింది. కాబట్టి శాసనసభకు నాకు ఒక ఓటుంటే, పరిషత్తుకు రెండున్నాయి. మా కాలేజీలో గంట కొట్టే పెద్దాయనకు ఉన్నది ఒక్కటే. 1920నాటి విశ్వవిద్యాలయ స్థానాన్ని వెక్కిరించే మనం ఈ అదనపు ఓట్లను హక్కుగా భావిస్తున్నాం. జాషువాను 1964లో ఆంధ్రప్రదేశ్ శాసన పరిషత్తుకు నామినేటు చేశారు. మహాకవికి అది గౌరవమే. కాని ‘గబ్బిలం’ రాసినవాడికి సభలో చోటు నామినేషనుద్వారా వచ్చిందే తప్ప ఓటుద్వారా రాలేదని మరవరాదు.

1976లో, మళ్ళీ 2001లో రాజ్యాంగ సవరణలు రాష్ట్రాలవారీ స్థానాల సంఖ్యను 1971 జనాభా లెక్కల దగ్గర నిలిపివేశాయి. 2023 సవరణ స్త్రీలకు మూడో వంతు స్థానాలు ప్రకటించి, దాన్ని జనగణనకూ పునర్విభజనకూ ముడిపెట్టింది. కాబట్టి నియోజకవర్గాల గీతల చరిత్ర పాతపడ్డది కాదు. రేపు గీతలు మళ్ళీ గీసేటప్పుడు, మన ప్రాంతానికి ఎన్ని స్థానాలు, మన పార్టీకి ఎన్ని స్థానాలు అనే లెక్క దగ్గరే మనం ఆగిపోతే, 1920నాటి పట్టికను కొత్త కాగితంమీద నకలు తీసినవాళ్ళమే అవుతాం. గంట కొట్టే పెద్దాయన ఓటుకు నా ఓటుతో సమానమైన విలువ ఉండాలని, అందుకోసం నా అదనపు ఓట్లు పోయినా సరేనని మనం అనగలమా? అధ్యాపకులు, విద్యార్థులు ముందుగా చర్చించవలసింది ఇదే.