పిక్‌గార్డ్ కింద ఏముంది

ఒక పాత బేస్ గిటార్‌ని ముస్తాబు చేసి అమ్మకానికి పెట్టడం ఈ వారం హైదరాబాద్‌లో చూశాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. డెబ్బైల నాటి వాద్యం. ఒంటి మీది పాత పూత గీకేసి నల్ల రంగు కొట్టారు. తుప్పు పట్టిన మరలు పారేసి తళతళలాడేవి బిగించారు. లోపల వాల్యూమ్ తిప్పే పాట్‌లు, వైర్లు అన్నీ పీకేసి కొత్తవి సోల్డర్ చేశారు. "కొత్తదానిలా తయారు చేశాం సార్" అన్నాడు దుకాణంలో అబ్బాయి, ఎంతో సంతోషంగా. తీసేసిన సామాను ఏదయ్యా అంటే, పాత ఇనుముకి వేసేశామన్నాడు. పాత గిటార్ల బజారులో అసలు పూత తీసేస్తే ధర సగానికి పడుతుందని ఓ లెక్క ఉంది. డబ్బు పెట్టి మరీ విలువ తగ్గించుకున్నారు. నాకు బాధ కలిగించింది మాత్రం ధర కాదు. ఆ చెక్క మీద ఎవరి బొటనవేలు ఏళ్ల తరబడి ఆని అరిగిందో, ఆ గుర్తు ఇప్పుడు లేదు.

ఈ కాలమ్ ఎప్పటినుంచో చదువుతున్నవాళ్లకి నా పట్టుదల తెలుసు. బొబ్బిలి వీణల మీద రాసినా, మా మేనమామ అద్దాల బీరువాలో బంధించిన హార్మోనియం మీద రాసినా చివరికి ఒకే మాటకొచ్చేవాణ్ణి: వాద్యం వాయించేవాడి చేతిలో ఉండాలి, గోడకి వేలాడకూడదు. ఈ వారం ఆ మాటకి పరీక్ష వచ్చింది.

చెన్నై సాలిగ్రామంలో ఉండే అక్కయ్య ఫోన్ చేసింది. ఆమె భర్త మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో చాలాకాలం బేస్ వాయించారు. ఆయన పోయాక ఆ గిటార్ పెట్టె మంచం కిందే ఉండిపోయింది. "దీన్ని మంచి చేతులకి ఇప్పించు తమ్ముడూ. ధర విషయంలో మాత్రం నన్ను మోసపోనివ్వకు" అంది. రెండూ ఒకే మనిషి దగ్గర దొరకవని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

అది ఫెండర్ ప్రెసిషన్ బేస్. 1951లో లియో ఫెండర్ ఈ రకాన్ని బజారుకి తెచ్చేదాకా బేస్ అంటే చాలావరకు మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద వాద్యమే. స్వరం ఎక్కడుందో చేతికి తెలియాలి. లియో మెడ మీద స్వరాల చోటు చూపే ఫ్రెట్లు వేసి, భుజానికి తగిలించుకునేంత చిన్నది చేసి, తీగల కింద వాటి కంపనాన్ని పట్టుకునే పికప్ పెట్టాడు. ఆ కంపెనీని 1965 జనవరిలో సీబీఎస్ సంస్థ 1.3 కోట్ల డాలర్లకి కొనేసింది. అంతకుముందు తయారైనవాటి ధర వేరు, తర్వాతవాటి ధర వేరు. అందుకే అమ్మేవాళ్లకి వయసు పెంచి చెప్పాలన్న ఆశ పుడుతుంది. "అరవైల్లోదే అనుకుంటాను" అనే మాట ఈ వ్యాపారంలో ఎన్నిసార్లు వినబడుతుందో!

ఊహల మీద అమ్మకూడదు. చెన్నైలో చేయి తిరిగిన మెకానిక్ ఒకాయన్ని పిలిపించి, తీగలు వదులు చేయించి, ఒంటి మీద బిగించిన పిక్‌గార్డ్ పలక విప్పించాను. మెరీనా గాలికి మరల తలలు బిర్రబిగుసుకుపోయాయి. తొందరపడితే విరుగుతాయి. వాల్యూమ్ పాట్ వెనక 1377412 అని అచ్చు ఉంది. 137 అంటే దాన్ని తయారు చేసిన సీటీఎస్ కంపెనీ. 74 ఏడాది. 12 ఆ ఏడాదిలో పన్నెండో వారం. అంటే 1974 మార్చి. అయితే పాట్ పుట్టిన తేదీ గిటార్ పుట్టిన తేదీ కాదు. గిటార్ అంతకన్నా పాతది కాదని మాత్రం చెబుతుంది, అదీ ఆ సోల్డర్ ఎవరూ కదపకుండా ఉంటేనే. 1966లో ఫెండర్ వాళ్లు పెద్దమొత్తంలో కొనిపెట్టుకున్న పాట్‌లు ఆ తర్వాత కొన్నేళ్లపాటు తయారైన గిటార్లలోనూ కనిపిస్తాయి. వెనక ఇనప పలక మీది సీరియల్ నంబరుదీ ఇదే కథ. ఫ్యాక్టరీలో పలకల్ని వరస చూసుకోకుండా, చేతికందింది తీసి బిగించేవారు. మెడ చివర, ఒంట్లోకి దిగే చోట ఉండే అచ్చు, పాట్ అంకెలు, పూత, మరలు ఇవన్నీ ఒకే మాట చెబితేనే నమ్మాలి. ఈ గిటార్‌లో అన్నీ ఒకే మాట చెప్పాయి. ఒక్క ట్యూనింగ్ బిరడా మాత్రం తర్వాత మార్చింది.

తీగల మీద కప్పే క్రోమ్ మూతలు రెండూ లేవనుకున్నాం. చాలామంది వాయించడానికి అడ్డమని తీసేసి పోగొట్టుకున్నవే అవి. అక్కయ్య వంటింటి అటక మీంచి బిస్కెట్ డబ్బా ఒకటి దించింది. రెండూ అందులో ఉన్నాయి, ఒకదాని లోపల అతికించిన స్పాంజి ముక్కతో సహా. ఆ స్పాంజి తీగ మోతని తొందరగా ఆపడానికి.

ఇంతకీ అక్కయ్య భర్త గురించి చెప్పలేదు. ఎనభైల్లో నేను మద్రాసులో ఒక సినిమా వారపత్రికలో సబ్ఎడిటర్‌గా ఉండేవాణ్ణి. గదిలో ట్రాన్సిస్టర్ ఒకటే ఆధారం. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగని ఊరికే మీటితే సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. అరచేతిలో సగం లేని స్పీకర్ ఆ స్వరాన్ని పలికించలేదు. దాని వెంట పుట్టే పై కంపనాలు విని చెవి మిగతాది ఊహించుకుంటుంది. అందువల్ల మాలాంటివాళ్లకి పాటంటే గొంతు, వయొలిన్లు, తబలా. కింద ఒకాయన ఉన్నాడన్న ధ్యాసే లేదు.

ఒకరోజు ఆయన నన్ను థియేటర్‌కి తీసుకెళ్లారు. ఆ రోజుల్లో గాయని, వాద్యబృందం అందరూ ఒకేసారి వాయిస్తే టేపు మీదికెక్కేది. ఎవరు తప్పు చేసినా టేకు పోతుంది, అందరూ మళ్లీ మొదటినుంచి. ఆయన గోడవార కుర్చీలో స్వరాల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు. నేను రికార్డిస్టు వెనక నిలబడ్డాను. అక్కడి పెద్ద స్పీకర్లలో మొదటిసారి బేస్ విన్నాను. కడుపుకి తెలిసింది ముందు, చెవికి తర్వాత. పల్లవి రెండోసారి వస్తున్నప్పుడు, షడ్జమం మీద ఉండాల్సిన ఆయన కిందికి జారి ధైవతం మీద నిలబడ్డారు. గాయని పాడేది అదే స్వరం, అదే మాట. కానీ అంతసేపూ హాయిగా ఉన్న ఆ పల్లవిలోకి ఉన్నట్టుండి దిగులు వచ్చింది. ఆ దిగులు ఎక్కణ్నుంచి వచ్చిందో పాట విన్న లక్షలమందిలో ఎవరికీ తెలియదు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. టేకు అయ్యాక రుమాలుతో తీగలు తుడుచుకున్నారు.

ఆ రోజునుంచి నేను పాటని కిందినుంచి వింటున్నాను. ఇళయరాజా పాటల్ని అలా విని చూడండి. బేస్ వరసని కూడా ఆయనే స్వరాలతో రాసి ఇస్తారు. ఎన్నో పాటల్లో అది గొంతుకి పక్కవాద్యంలా కాక రెండో పాటలా నడుస్తుంది. వాయించింది దశాబ్దాలుగా ఆయన వెంటే ఉన్న శశిధరన్. మన ఇళ్లలో ఆ పాటలు పాడనివాళ్లు లేరు, శశిధరన్ పేరు తెలిసినవాళ్లు ఎందరు? క్యాసెట్ అట్ట మీద గాయకులు, కవి, సంగీత దర్శకుడు. అంతే.

గిటార్ కోసం ఇద్దరు వచ్చారు. ఒకడు విజయవాడ కుర్రాడు, బృందంలో వాయిస్తాడు. సాలిగ్రామం వచ్చి, నేల మీద కూర్చుని గంటసేపు వాయించాడు. బాగా వాయించాడు. అక్కయ్య వంటింట్లోంచి బయటికొచ్చి వింది. నా మనసు అప్పుడే వాడికి ఇచ్చేసింది. డబ్బు తక్కువ, అదీ వాయిదాల్లో. ఫ్రెట్లు అరిగాయి కనక మార్పిస్తానన్నాడు, వంతెన మారుస్తానన్నాడు, ఇప్పటి రికార్డింగులకి పనికొచ్చేలా పికప్‌లు కూడా కొత్తవి వేయిస్తానన్నాడు. వాయించేవాడికి ఆ హక్కుంది. బేస్ వాద్యగాడు జాకో పాస్టోరియస్ తన 1962 ఫెండర్ జాజ్ బేస్ ఫ్రెట్లు పీకేసి, ఆ గాడులు పూడ్చి, పైన పడవలకి వేసే ఎపాక్సీ పూశాడు. అది అట్లాగే ఉంచాలని ఎవరైనా అడ్డుపడి ఉంటే 1976లో అతని తొలి ఆల్బమ్‌లో మనం విన్న ఆ ఏడుస్తూ పాడే బేస్ పుట్టేది కాదు.

రెండో ఆయన బెంగళూరులో పాత వాద్యాలు సేకరించే మనిషి. గిటార్ చూడటానికి ముందే ప్రశ్నలు పంపాడు. పిక్‌గార్డ్ కింద ఫోటోలు. మెడ విప్పి ఒకటి. ఏ సోల్డర్ కొత్తది? మద్రాసుకి ఎలా వచ్చింది? ఎవరి దగ్గర కొన్నారు? ఏ థియేటర్లలో వాయించారు? దానికి రుజువేమిటి? "పెళ్లిచూపుల్లో కూడా నన్నిన్ని అడగలేదు" అంది అక్కయ్య. నాకూ చిరాకేసింది. రుజువెక్కడిది? ఎవరి పేరూ వేయని అట్టలు తప్ప ఏముంది?

కానీ ఆ ప్రశ్న అడిగాడు కాబట్టి అక్కయ్య మళ్లీ బీరువా తెరిచింది. బట్టల కింద పొడుగాటి లెక్కల పుస్తకాలు. ఆయన చేత్తో రాసినవి. తేదీ, థియేటర్, సంగీత దర్శకుడు, ఎన్ని కాల్షీట్లు, సింగపూర్ నుంచి వచ్చినవాళ్ల దగ్గర ఈ గిటార్ కొన్నప్పుడు ఇచ్చిన వాయిదాలు. చివరి గడి పేరు బాకీ. వసూలు కావలసిన డబ్బు కోసం పెట్టుకున్న పుస్తకాలు కనక ఒక్క రోజు కూడా పొల్లుపోలేదు. పాటల పేర్లు కొన్నిచోట్లే ఉన్నాయి. తేదీ, థియేటర్ మాత్రం అన్నిచోట్లా ఉన్నాయి.

అట్టల మీద పేరు లేకపోవడం మద్రాసుకే పరిమితం కాదు. డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించాడు, కుడిచేతి చూపుడు వేలొక్కటే వాడి. 1971లో మార్విన్ గే ఆల్బమ్ వచ్చేదాకా ఆ కంపెనీ రికార్డుల అట్టల మీద వాద్యగాళ్ల పేర్లు ఉండేవి కావు. 1983లో జేమర్సన్ చనిపోవడానికి కొద్దిముందు ఆయన 1962 ప్రెసిషన్ బేస్ దొంగలపాలైంది. అది ఇంతవరకు దొరకలేదు. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో సుమారు 30 పౌండ్లకి కొన్న హాఫ్నర్ బేస్ 1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి పోయింది. దాన్ని ప్రపంచమంతా వెతికింది. యాభై ఏళ్లు దాటాక ఓ ఇంటి అటక మీంచి ఆయన దగ్గరికొచ్చింది. జాకో బేస్ కూడా పోయిన ఇరవై ఏళ్లకి న్యూయార్క్‌లో బయటపడింది. ఒక వాద్యం ఎవరిదో అందరికీ తెలిసి ఉంటే వెతికేవాళ్లు ఉంటారు. మద్రాసు బేస్‌ల గురించి ఎవరు వెతుకుతారు?

వాయించే కుర్రాడు ఈ గిటార్‌లో తన రాబోయే పాటని చూశాడు. అది తప్పు కాదు. కానీ ఇది ఎవరిదని అడిగింది గోడకి తగిలించుకునే మనిషే. ఇన్నాళ్లూ ఈ కాలమ్‌లో నేను తిట్టినవాళ్లలో ఒకడు. సోల్డర్ కదపని పాట్‌ని, బిస్కెట్ డబ్బాలో మూతల్ని, బొటనవేలు ఆని అరిగిన చోటుని సాక్ష్యంగా చూడటం తెలిసింది అతనికే. అందుకని బెంగళూరుకే ఇమ్మని అక్కయ్యకి చెప్పాను. పూర్తి ధర ఒక్కసారిగా వస్తుంది. ఆమెకి రావలసిన డబ్బు అది. భర్త బాకీల పుస్తకంలో వసూలు కానివి చూశాక, ఆమెని ఇంకో వాయిదాల బేరంలోకి దింపే ధైర్యం నాకు లేదు.

రశీదులో అన్నీ రాయించాం: ఒక బిరడా మార్చింది, ఫ్రెట్లు ఒకసారి అరగదీసినవి, మిగతా అంతా అసలుది, వయసు 1974 అని, అరవైలదని కాదు. ఆయన పేరు, వాయించిన థియేటర్ల పేర్లు కూడా. లెక్కల పుస్తకాలు కూడా కావాలని అడిగాడు సేకర్త. వాటికి వేరే ధర ఇస్తానన్నాడు. ఇవ్వొద్దన్నాను. ప్రతి పేజీకి ఫోటో తీసి ఒక ప్రతి అతనికి ఇచ్చాం. పుస్తకాలు కుటుంబం దగ్గరే ఉంటాయి.

విజయవాడ కుర్రాడికి ఇప్పటి పనికి ఐదు తీగల కొత్త బేస్ కావాలి. వాడి దగ్గరున్న డబ్బుకి మంచిదే వస్తుంది, ఎంచుకోవడానికి నేనూ వెళ్తున్నాను. దాన్ని ఎలా కావాలంటే అలా కోసుకోవచ్చు.

లెక్కల మొదటి పుస్తకం 1978 జూన్‌తో మొదలవుతోంది. ఒక్కో తేదీ పక్కన ఆ రోజు రికార్డయిన పాట రాయడం మొదలుపెట్టాను. కోడంబాకం, వడపళని, సాలిగ్రామాల్లో వాద్యబృందాల కుటుంబాలవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంట్లో అలాంటి కాల్షీట్ పుస్తకాలు, డైరీలు ఉంటే పత్రిక చిరునామాకి రాయండి. రెండు పుస్తకాల్లో ఒకే తేదీ, ఒకే థియేటర్ కలిస్తే ఆ పాటకి వయొలిన్ ఎవరో, తబలా ఎవరో, బేస్ ఎవరో రాసిపెట్టొచ్చు.