ఊరే కథ చెబితే

ఇంగ్లీషులో కథ రాయడం నేర్పే పుస్తకాల్లో దృష్టికోణం మీద ఒక అధ్యాయం ఉండి తీరుతుంది. 'నేను' అంటే పాఠకుడు దగ్గరవుతాడనీ, 'అతను', 'ఆమె' అంటే కాస్త ఎడంగా నిలబడి చూడొచ్చనీ పేజీలకు పేజీలు రాస్తారు. 'మేము' దగ్గరికొచ్చేసరికి చాలామంది ఒక పేరాతో సరిపెడతారు. నన్నడిగితే ఇంగ్లీషు కథల్లో అన్నిటికన్నా మాయదారి సర్వనామం అదే.

విలియం ఫాక్నర్ 1930లో అచ్చువేసిన 'ఎ రోజ్ ఫర్ ఎమిలీ' చూడండి. మిసిసిపీలో జెఫర్సన్ అనే కల్పిత పట్నం. డెబ్బై నాలుగేళ్ళకి పోయిన ఎమిలీ గ్రియర్సన్ సంగతులు మనకి చెబుతున్నదెవరు? పేరు లేదు, ఆడో మగో తెలీదు, వయసు తెలీదు. ఊరు చెబుతోంది, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళ లెక్కలు తీసే పెద్దమనిషిలాగా.

వచ్చిన సంబంధాలన్నీ తండ్రి తరిమేశాడు. ఆయన పోయాక, కాలిబాటలు వేయించడానికి ఉత్తరాది నుంచి వచ్చిన మేస్త్రీ హోమర్ బ్యారన్‌తో ఎమిలీ బగ్గీలో తిరిగింది. ఊరు ముందు సంతోషించింది. తర్వాత ముక్కున వేలేసుకుంది. బుద్ధి చెప్పమని పాస్టరుగారిని పంపింది. అలబామా నుంచి చుట్టాలు దిగాక, వాళ్ళ డాబు గిట్టక మళ్ళీ ఎమిలీ వైపు చేరింది. ఆమె మందుల షాపులో ఆర్సెనిక్ కొన్నదని తెలిసిన మర్నాడు, ప్రాణం తీసుకుంటుంది కాబోలు, అదే మేలు అనుకుంది. వెళ్ళి ఆపిన మనిషి లేడు.

ఇప్పుడు ముగింపు చెప్పేస్తున్నాను, 1930 నాటి కథ కాబట్టి మన్నిస్తారనుకుంటాను. ఆ విషం ఆమె కోసం కాదు. హోమర్ శవం నలభై ఏళ్ళు మేడమీద గదిలో మంచం మీదే ఉంది.

సర్వనామాల మీద కన్నేసి చదివితే ఫాక్నర్ పనితనం బయటపడుతుంది. సంతోషించింది 'మేము'. జాలిపడింది 'మేము'. కానీ ఇంట్లోంచి దుర్వాసన వస్తోందని అర్ధరాత్రి దొంగల్లా దూరి సున్నం చల్లినవాళ్ళు 'వాళ్ళు'. ఎమిలీ అంత్యక్రియలు జరిపించింది 'వాళ్ళు'. మూసిన గది తలుపు బద్దలుకొట్టింది కూడా 'వాళ్ళే'. తలుపు తెరుచుకున్నాక గదిలో నిలబడి తనివితీరా చూస్తున్నది మాత్రం 'మేము'! మచ్చ అంటుకునే పనులు చాలావరకు వాళ్ళవి, చూపు మాది. ఒక్క సర్వనామం మార్పుతో ఊరు చేతులు కడిగేసుకుంది.

ఇదే కథని పక్కింటావిడ 'నేను' అంటూ చెబితే ఎలా ఉంటుందోనని నా నోటుబుక్కులో రాసి చూశాను. రెండో పేజీకే అడ్డం తిరిగింది. అంత తెలిసినదానివి ఎందుకు ఊరుకున్నావమ్మా అని పాఠకుడు నిలదీస్తాడు. 'మేము'ని అలా నిలదీయడం కుదరదు, నిలదీద్దామంటే ఎదురుగా మనిషి ఉండడు. పోనీ సర్వజ్ఞుడైన కథకుడి చేత చెప్పిద్దామా అంటే, శవం సంగతి మొదటి నుంచీ తెలిసీ దాచాడన్న అపవాదు వస్తుంది. ఊరికి నిజంగా తెలీదో, తెలిసీ తెలీనట్టుందో తేలదు. ఆ తేలకపోవడంలోనే ఉంది కథ అంతా.

ఈ సర్వనామాన్ని అంతకన్నా కఠినంగా వాడిన రచయిత్రి జూలీ ఒట్సుకా. 'ది బుద్ధ ఇన్ ది ఆటిక్' 2011లో వచ్చిన చిన్న నవల. ఫోటోలు చూసి పెళ్ళికి ఒప్పుకుని, జపాన్‌లో ఓడెక్కి కాలిఫోర్నియాలో దిగిన ఆడవాళ్ళు ఇందులో ఒక్క గొంతుతో 'మేము' అంటూ మాట్లాడతారు. ఒకరి బతుకు పొలంలో, ఇంకొకరి బతుకు దొరల వంటింట్లో. కష్టాలు వేరు, సర్వనామం ఒకటే. 1942లో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఉత్తర్వు తర్వాత పశ్చిమ తీరం నుంచి జపాన్ సంతతివారిని సుమారు 1,20,000 మందిని శిబిరాలకి తరలించారు. నవలలో ఆ ప్రయాణపు అధ్యాయానికి వచ్చేసరికి గుంపులోంచి విడివిడిగా పేర్లు వినిపిస్తాయి. పేజీ తిప్పి చివరి అధ్యాయంలోకి వెళితే మళ్ళీ 'మేము'. కానీ ఈసారి మాట్లాడుతున్నది ఊళ్ళో మిగిలిన తెల్లవాళ్ళు. పక్కిళ్ళు ఖాళీ అయ్యాయేమిటి, ఎటు పోయారు పాపం అనుకుంటారు. కొన్నాళ్ళకి మర్చిపోతారు. ఇల్లూ వాకిలీ పోయిన ఆ ఆడవాళ్ళకి ఆఖరికి సర్వనామం కూడా దక్కలేదు.

ఇక 'నువ్వు' సంగతికొస్తే, జే మెకినెర్నీ 1984లో 'బ్రైట్ లైట్స్, బిగ్ సిటీ' నవలంతా 'నువ్వు' అంటూ నడిపాడు. పేరున్న పుస్తకమే. కానీ 'నువ్వు' అని వేలెత్తి చూపే కథకుడితో నాకు త్వరగానే విసుగొస్తుంది. 'మేము' వేలు చూపించదు, పక్కన చోటిచ్చి కూర్చోబెడుతుంది. అందుకే దాన్ని ఎక్కువ అనుమానించాలి.

ఫాక్నర్ కథ అరగంటలో అయిపోతుంది. పెన్సిల్ పట్టుకుని, 'మేము' ఉన్నచోటల్లా గీత గీస్తూ, 'వాళ్ళు' ఉన్నచోటల్లా సున్నా చుడుతూ చదవండి. కథలు రాసేవాళ్ళయితే రెండుసార్లు చదవండి.